ప్లీహం తొలగింపు: కీహోల్ శస్త్రచికిత్స మార్చిందేమిటి, మార్చనిదేమిటి

సంక్షిప్తంగా

వంశపారంపర్య రక్త రుగ్మతలు ఉన్నవారికి ప్లీహం తీసే శస్త్రచికిత్స గత మూడు దశాబ్దాల్లో పొడవాటి కోత నుంచి మూడు నాలుగు చిన్న రంధ్రాలకు (కీహోల్ లేదా ల్యాప్రోస్కోపీ పద్ధతికి) మారింది. నొప్పి తగ్గింది, ఆస్పత్రిలో గడిపే రోజులు తగ్గాయి. ప్లీహం లేని శరీరానికి ఉండే ఇన్ఫెక్షన్ ముప్పు, రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు మాత్రం కోత చిన్నదైనంత మాత్రాన తగ్గేవి కావు. అందుకే గోళాకార కణ వ్యాధిలో ఎంతో మేలు చేసే ఈ ఆపరేషన్‌ను తలసేమియాలో ఇప్పుడు వీలైనంత వరకు వాయిదా వేస్తున్నారు. సికిల్ సెల్ వ్యాధిలో కొన్ని సందర్భాలకే పరిమితం చేస్తున్నారు. ఒకటి రెండు అరుదైన రుగ్మతల్లోనైతే చేయకూడదనే చెబుతున్నారు.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకు వస్తోంది

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ మొదలైంది. 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా మిగలకూడదన్నది దాని లక్ష్యం. 17 రాష్ట్రాల్లో, ప్రధానంగా గిరిజన ప్రాంతాల్లో, 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని తలపెట్టారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ మండలాలు కూడా ఈ పరిధిలోకి వస్తాయి. మరోవైపు పట్టణాల్లో తలసేమియా పిల్లలకు నెలనెలా రక్తం ఎక్కించే కేంద్రాలు పెరిగాయి. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ వంటి సంస్థల వల్ల ఒకప్పుడు బాల్యం దాటని పిల్లలు నేడు యవ్వనానికి చేరుతున్నారు.

వ్యాధి బయటపడిన కుటుంబాలకు ఏదో ఒక దశలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, ప్లీహం పెరిగింది, తీసేయాల్సి రావచ్చు అన్నది. రెండోది, ఇప్పుడు ల్యాప్రోస్కోపీ వచ్చింది కాబట్టి రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్లిపోవచ్చు అన్నది. రెండూ నిజమే కావచ్చు. అయితే రెండో మాట వినగానే మొదటి మాటలోని బరువు తగ్గిపోయినట్టు అనిపించడం దగ్గరే అయోమయం మొదలవుతుంది. ప్లీహం తీయాలా వద్దా అన్నది రక్తవ్యాధికి సంబంధించిన ప్రశ్న. ఎలా తీయాలన్నది శస్త్రచికిత్సకు సంబంధించిన ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికాకే రెండోదాని గురించి ఆలోచించాలి.

ప్లీహం లోపల జరిగేది

పొట్టకు ఎడమవైపు, పక్కటెముకల చాటున, జీర్ణాశయం వెనుకగా ఉండే ఈ అవయవం పెద్దవారిలో సుమారు 150 గ్రాములు తూగుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు సాధారణంగా చేతికి తగలదు. పల్లెల్లో పెద్దలు ‘కడుపులో బల్ల పెరిగింది’ అని చెప్పేది చాలావరకు ఈ ప్లీహం వాపునే.

ప్లీహంలో రెండు రకాల కణజాలం కలిసి ఉంటుంది. ఎర్ర గుజ్జు అనే భాగం రక్తాన్ని వడగడుతుంది. సుమారు 7 నుంచి 8 మైక్రోమీటర్ల వ్యాసం ఉండే ఎర్ర రక్తకణం ఇక్కడ తనకంటే ఎన్నో రెట్లు సన్నని చీలికల్లోంచి దూరి అవతలికి పోవాలి. వడిలిన పూరేకులా మడతపడగలిగిన కణం దాటిపోతుంది. బిరుసెక్కిన కణం అక్కడే ఇరుక్కుపోయి, కాపలా ఉన్న మాక్రోఫేజ్ కణాలకు ఆహారమవుతుంది. మామూలుగా 120 రోజులు బతికే ఎర్రకణాల్లో ముసలివాటిని ఏరివేసే పద్ధతుల్లో ఇదొకటి. శరీరంలోని ప్లేట్‌లెట్లలో మూడో వంతు కూడా ఏ సమయంలో చూసినా ప్లీహంలోనే నిలవ ఉంటుంది.

రెండోది తెల్ల గుజ్జు. ఇది రోగనిరోధక వ్యవస్థకు చెందిన భాగం. న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి వంటి కొన్ని బ్యాక్టీరియాలు చక్కెరలతో అల్లిన జారుడు తొడుగు కప్పుకుని ఉంటాయి. ఆ తొడుగును గుర్తించే యాంటీబాడీలను వేగంగా తయారుచేయడంలోనూ, తర్వాత ఆ క్రిములను రక్తంలోంచి ఏరివేయడంలోనూ ప్లీహానికి సాటి మరొకటి లేదు. కాలేయం కొంతవరకు ఆ పని అందుకున్నా, యాంటీబాడీ పూత బాగా పట్టిన క్రిములనే అది సమర్థంగా పట్టగలదు. ప్లీహం తీసే నిర్ణయంలోని చిక్కంతా ఇక్కడే ఉంది. వడపోత ఆపాలనుకుంటే కాపలా కూడా పోతుంది.

గోళాకార కణ వ్యాధి: ఆపరేషన్ స్పష్టంగా పనిచేసే చోటు

వంశపారంపర్య స్ఫిరోసైటోసిస్ అనే వ్యాధిలో ఎర్రకణపు పొరను లోపలినుంచి పట్టి ఉంచే యాంకిరిన్, స్పెక్ట్రిన్, బ్యాండ్ 3 వంటి ప్రొటీన్లలో ఏదో ఒకటి లోపిస్తుంది. పట్టు సడలిన పొర చిన్నచిన్న బుడగలుగా ఊడిపోతూ ఉంటుంది. లోపలి సరుకు అంతే ఉండి, పై పొర మాత్రం తగ్గుతూ పోవడంతో మధ్యలో నొక్కుకుని బిళ్లలా ఉండాల్సిన కణం బంతిలా మారుతుంది. బంతి మడతపడలేదు. కాబట్టి చీలికల దగ్గర ఆగిపోతుంది. ఆగినంత సేపు మరింత పొర కోల్పోతుంది. చివరికి నాశనమవుతుంది. రక్తహీనత, కామెర్లు, చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్లు దీని ఫలితాలే. సుమారు నాలుగింట మూడు వంతుల కుటుంబాల్లో ఇది తల్లి లేదా తండ్రి ఒక్కరి నుంచే సంక్రమిస్తుంది. ఇందుకు మేనరికంతో పని లేదు.

లోపం కణంలో ఉన్నా, దానికి శిక్ష పడేది ప్లీహంలోనే. అందువల్ల ప్లీహం తీస్తే కణాలు గుండ్రంగానే మిగిలినా దాదాపు మామూలు ఆయుష్షుతో తిరుగుతాయి, హిమోగ్లోబిన్ పెరుగుతుంది, కామెర్లు తగ్గుతాయి. వంశపారంపర్య వ్యాధుల్లో ఇంత సూటిగా ఫలితమిచ్చే శస్త్రచికిత్సలు అరుదు. లండన్ శస్త్రవైద్యుడు స్పెన్సర్ వెల్స్ 1887లో కామెర్లతో ఉన్న ఒక మహిళకు ప్లీహం తీశారు. ఆమెకున్నది ఈ వ్యాధేనని దశాబ్దాల తర్వాత రక్తపరీక్షలో తేలింది. జబ్బు పేరు తెలియకముందే జరిగిన చికిత్స అది.

అయినా ఈ వ్యాధి ఉన్న ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ చేయరు. తేలికపాటి రూపంలో ఫోలిక్ యాసిడ్, క్రమం తప్పని పరీక్షలు సరిపోతాయి. తరచుగా రక్తం ఎక్కించాల్సి వచ్చే తీవ్ర రూపంలో, ఎదుగుదల కుంటుపడి చదువు ఆటలు సాగని మధ్యస్థ రూపంలో ఆపరేషన్ ఆలోచిస్తారు. వీలైనంత వరకు 6 ఏళ్లు నిండే దాకా ఆగుతారు. పిత్తాశయంలో రాళ్లుండి బాధ పెడుతుంటే అవే రంధ్రాల ద్వారా, అదే మత్తులో పిత్తాశయాన్నీ తీయవచ్చు. ల్యాప్రోస్కోపీ వల్ల తేలికైన పనుల్లో ఇదొకటి. పాత పద్ధతిలో ఎడమవైపున్న ప్లీహానికీ కుడివైపున్న పిత్తాశయానికీ ఒకే కోత పెట్టాలంటే అది చాలా పెద్దదే కావాలి.

తలసేమియా: ఒకప్పటి ఆనవాయితీ, ఇప్పటి వెనకడుగు

బీటా తలసేమియా మేజర్‌లో కథ వేరు. ఇక్కడ హిమోగ్లోబిన్ తయారీలోనే లోపం ఉంటుంది. ఎముక మజ్జలోనే కణాలు చాలావరకు నశిస్తాయి. బయటికి వచ్చినవాటిని ప్లీహం పట్టుకుంటుంది. రక్తం చాలినంత ఎక్కించనప్పుడు మజ్జ పని కూడా ప్లీహం, కాలేయం నెత్తికెత్తుకుని ఉబ్బిపోతాయి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతేనే బిడ్డకు ఈ వ్యాధి వస్తుంది కాబట్టి మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతాల్లో పెళ్లికి ముందో, గర్భం దాల్చిన తొలి వారాల్లోనో చేసే ఒక చిన్న రక్తపరీక్ష విలువ చెప్పలేనంత.

రక్తం దొరకడం కష్టంగా ఉన్న రోజుల్లో ఈ పిల్లలకు ప్లీహం తీయడం దాదాపు ఆనవాయితీ. ఉబ్బిన ప్లీహం ఎక్కించిన రక్తాన్ని కూడా మింగేస్తుంది. దాంతో ఇంకా రక్తం కావాలి, దాని వెంట ఇంకా ఇనుము చేరుతుంది. ఒక యూనిట్ రక్తంతో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి వస్తుంది. మనిషి శరీరం రోజుకు బయటికి పంపగలిగేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగిలింది గుండెలో, కాలేయంలో, హార్మోన్ గ్రంథుల్లో పేరుకుంటుంది. అందుకే ఏడాదిలో ఎక్కించే ఎర్రకణాలు శరీర బరువులో ప్రతి కిలోకు 200 నుంచి 220 మిల్లీలీటర్లు దాటితే ప్లీహం తొలగింపు గురించి ఆలోచించాలన్న కొలమానం చాలాకాలం నడిచింది.

తర్వాత రెండు విషయాలు మారాయి. మొదటిది, చిన్నప్పటి నుంచీ రక్తం ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9.5 గ్రాముల కంటే తగ్గకుండా చూసుకుంటే ప్లీహం అంతగా పెరగదని అనుభవంలో తేలింది. దానికి తోడు నోటిద్వారా వేసుకునే ఇనుము తొలగింపు మందులు వచ్చాయి. రెండోది, ప్లీహం తీసినవారిలో ఏళ్ల తర్వాత రక్తనాళాల్లో గడ్డలు, ఊపిరితిత్తుల రక్తపోటు ఎక్కువగా కనిపించాయి. ముఖ్యంగా రక్తం ఎక్కించుకోకుండానో అరుదుగా ఎక్కించుకుంటూనో నెట్టుకొచ్చే తలసేమియా ఇంటర్మీడియా రోగుల్లో ఈ ముప్పు బలంగా ఉంది. కారణం ఊహకు అందేదే. ప్లీహం ఏరివేయాల్సిన దెబ్బతిన్న కణాలు రక్తంలోనే తిరుగుతాయి. వాటి పొర లోపలివైపు ఉండాల్సిన ఫాస్ఫటిడైల్ సెరీన్ అనే కొవ్వు బయటికి తేలి, రక్తం గడ్డకట్టే ప్రక్రియను రెచ్చగొడుతుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య కూడా అప్పటికే పెరిగి ఉంటుంది.

ఇందువల్ల అంతర్జాతీయ తలసేమియా మార్గదర్శకాలు ఇప్పుడు ప్లీహం తొలగింపును మూడు సందర్భాల దాకా కుదించాయి. రక్తం అవసరం అదుపు తప్పి ఇనుమును మందులతో నిలువరించలేని స్థితి, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు ప్రమాదకరంగా తగ్గే స్థితి, ప్లీహం మరీ పెద్దదై నొప్పి పెడుతూ పగిలే భయం ఉన్న స్థితి. కొందరు పిల్లలకు రక్తం తగినంత ఎక్కించకపోవడం వల్లే ప్లీహం పెరిగి ఉంటుంది. అలాంటివారికి ముందు సరిచేయాల్సింది రక్తం లెక్కను. ఆపరేషన్ గది ఆ తర్వాతి మాట.

సికిల్ సెల్: మన దేశంలో ప్లీహం దారి వేరు

పాఠ్యపుస్తకాల్లో సికిల్ సెల్ వ్యాధిలో ప్లీహం గురించి ఉండే వర్ణన ఎక్కువగా ఆఫ్రికా మూలాలున్న రోగుల నుంచి వచ్చింది. కొడవలి ఆకారంలోకి మారిన కణాలు ప్లీహపు రక్తనాళాలను మూసేస్తూ పోవడంతో, బడి వయసు వచ్చేసరికి చాలామందిలో ఆ అవయవం ఎండి, మచ్చగట్టి, దానంతటదే పనికిరాకుండా పోతుంది. మన దేశంలో, ముఖ్యంగా మధ్య, తూర్పు ప్రాంతాల గిరిజనుల్లో కనిపించే రూపంలో చాలామందికి గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. ఆల్ఫా తలసేమియా కూడా తరచుగా తోడవుతుంది. ఈ రెండూ వ్యాధిని కొంత మెత్తబరుస్తాయి. ఫలితంగా ప్లీహం ఎండిపోకుండా మిగులుతుంది, కౌమారంలోనూ ఆ తర్వాత కూడా పెద్దగానే ఉంటుంది. జమైకాలో దశాబ్దాల పాటు ఈ వ్యాధిని అధ్యయనం చేసిన గ్రాహం సార్జెంట్, ఒడిశా వైద్యులతో కలిసి 1980లలో జరిపిన పరిశీలనల్లో ఈ తేడా స్పష్టంగా నమోదైంది. మనకు భౌగోళికంగా అతి దగ్గరి నమూనా ఒడిశాదే.

మిగిలిన ప్లీహం వరమో శాపమో ఒక్కమాటలో తేల్చలేం. కొన్నేళ్లయినా ఇన్ఫెక్షన్ల నుంచి కాపాడుతుంది. అదే ప్లీహంలో హఠాత్తుగా రక్తం చిక్కుకుపోయే ప్రమాదం కూడా ఉంటుంది. గంటల వ్యవధిలో ప్లీహం ఉబ్బి, హిమోగ్లోబిన్ 2 గ్రాములు లేదా అంతకంటే ఎక్కువ పడిపోయి, బిడ్డ పాలిపోయి స్పృహ తప్పే ఈ స్థితిని సీక్వెస్ట్రేషన్ అంటారు. జమైకాలో తల్లులకు బిడ్డ పొట్టను తడిమి ప్లీహం పెరిగిందో లేదో గుర్తించడం నేర్పారు. ఆ ఒక్క శిక్షణతో, వెంటనే ఆస్పత్రికి చేర్చడంతో ఈ మరణాలు సుమారు 90 శాతం తగ్గాయి. ఆశా కార్యకర్తలున్న మన వ్యవస్థలో ఇది చేయలేని పనేమీ కాదు.

ఒకసారి తీవ్రంగా, లేదా రెండోసారి ఇలా జరిగితే ప్లీహం తీయడాన్ని పరిశీలిస్తారు. మరీ పసిబిడ్డలైతే కొంతకాలం రక్తం ఎక్కిస్తూ వయసు వచ్చే దాకా ఆగుతారు. ప్లీహంలో చీము పట్టడం, పెద్ద భాగం చచ్చుబడటం, రక్తకణాలన్నీ తగ్గిపోవడం మన దేశంలో ఆపరేషన్‌కు దారితీసే ఇతర కారణాలు. కాళ్లూ చేతులూ నొప్పెట్టే సాధారణ సికిల్ నొప్పులు మాత్రం ప్లీహం తీసినంత మాత్రాన తగ్గవు. ఆ ఆశతో ఆపరేషన్‌కు సిద్ధపడటం పొరపాటు.

మేలు తక్కువైన చోట్లు, తీయకూడని చోట్లు

పైరువేట్ కైనేజ్ ఎంజైమ్ లోపంలో ప్లీహం తీస్తే హిమోగ్లోబిన్ కొంత పెరుగుతుంది కానీ వ్యాధి పోదు. జీ6పీడీ అనే మరో ఎర్రకణ ఎంజైమ్ లోపంలో సాధారణంగా దీని అవసరమే రాదు. వంశపారంపర్య స్టొమాటోసైటోసిస్ అనే అరుదైన రుగ్మత పైకి గోళాకార కణ వ్యాధిలాగే కనిపించి మోసం చేయగలదు. అందులో ప్లీహం తీస్తే ప్రాణాంతకమైన గడ్డలు కట్టే ముప్పు ఎక్కువ. అందుకే ఆపరేషన్‌కు ముందు రోగ నిర్ధారణ పక్కాగా జరగాలి. కుటుంబ చరిత్ర, రక్తపు పూత పరీక్ష, ఎర్రకణపు పొర లోపాన్ని పట్టే ఇ.ఎమ్.ఎ. బైండింగ్ పరీక్ష, అనుమానం తీరకపోతే జన్యు పరీక్ష ఇందుకు ఉపయోగపడతాయి.

రంధ్రాల ద్వారా ఆపరేషన్ ఎలా సాగుతుంది

పారిస్‌లో బెర్నార్ దెలేత్ర్ బృందం 1991లో ల్యాప్రోస్కోపీ ద్వారా ప్లీహం తొలగింపును తొలిసారి ప్రచురించింది. రెండేళ్లలోనే ఈ పద్ధతి పిల్లలకూ వచ్చింది. నేడు ప్లీహం మరీ పెద్దది కానప్పుడు అనుభవమున్న కేంద్రాల్లో ఇదే మొదటి ఎంపిక.

రోగిని పూర్తి మత్తులో కుడి పక్కకు తిప్పి, ఎడమ వైపు పైకి ఉండేలా పడుకోబెడతారు. ఈ భంగిమలోనే సగం ఉపాయం ఉంది. పేగులు, జీర్ణాశయం కిందికి జారిపోతాయి. ప్లీహం డయాఫ్రమ్‌కు ఉన్న బంధంతో గుడిసె దూలానికి కట్టిన ఉట్టిలా వేలాడుతుంది. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపి, 5 నుంచి 12 మిల్లీమీటర్ల రంధ్రాలు మూడో నాలుగో పెడతారు. ఒకదానిలోంచి కెమెరా, మిగిలినవాటిలోంచి పరికరాలు వెళ్తాయి.

ముందుగా ఉపప్లీహాల కోసం వెతకాలి. నూటికి పది నుంచి ఇరవై మందిలో గోలీకాయంత అదనపు ప్లీహం ఎక్కడో ఒకచోట దాగి ఉంటుంది. ఎర్రకణాల నాశనాన్ని ఆపడానికే ఆపరేషన్ చేస్తున్నప్పుడు దాన్ని వదిలేస్తే, అది ఏళ్ల తరబడి పెరిగి పాత జబ్బును మళ్లీ తెచ్చిపెట్టవచ్చు. తర్వాత పెద్దపేగుతో, జీర్ణాశయంతో, మూత్రపిండంతో ప్లీహాన్ని కలిపే పొరలను ఒక్కొక్కటిగా, వేడితో రక్తనాళాలను మూసే పరికరంతో వేరుచేస్తారు. జీర్ణాశయం నుంచి వచ్చే పొట్టి రక్తనాళాల దగ్గర తొందరపాటు పనికిరాదు. చివరికి ప్లీహపు మూలం వద్ద ప్రధాన ధమనిని, సిరను స్టేప్లర్‌తోనో క్లిప్పులతోనో కట్టేస్తారు. క్లోమం తోక ఆ మూలానికి ఆనుకునే ఉంటుంది. కొందరిలో తాకుతుంది కూడా. స్టేప్లర్ నోట్లో ఆ కొస పడితే క్లోమరసం కారి రోజుల తరబడి ఇబ్బంది పెడుతుంది.

విడివడిన ప్లీహాన్ని లోపలే ఒక గట్టి సంచిలోకి జార్చి, సంచి మూతిని రంధ్రం దగ్గరికి లాగి, లోపల ముక్కలు చేసి బయటికి తీస్తారు. ఇవి క్యాన్సర్ వ్యాధులు కావు కాబట్టి అవయవం ముక్కలైనా వ్యాధి నిర్ధారణకు నష్టం లేదు. సంచి చిరగకుండా చూడటం మాత్రం చాలా ముఖ్యం. పొట్టలో ఒలికిన ప్లీహపు తునకలు అక్కడే నాటుకుని పెరగగలవు.

ప్లీహం పొడవు 20 సెంటీమీటర్లు దాటితే పని కష్టమవుతుంది. కెమెరాకు చోటు చాలదు, సంచిలో పట్టదు, చిన్న గీతపడినా రక్తం ఆగదు. అలాంటప్పుడు ఒక చేయి పట్టేంత కోత పెట్టి మిగతా పని రంధ్రాల ద్వారా చేసే మిశ్రమ పద్ధతి ఉంది. మధ్యలో రక్తస్రావం అదుపు తప్పితే పెద్ద కోతకు మారడాన్ని వైఫల్యంగా కాకుండా సరైన నిర్ణయంగానే చూడాలి. తలసేమియాలో ప్లీహాలు పెద్దవి కాబట్టి ఈ అవకాశం ఎక్కువ. గోళాకార కణ వ్యాధిలో తక్కువ.

పెద్ద కోతతో పోలిస్తే

కండరాలు తెగవు కాబట్టి నొప్పి తక్కువ. నొప్పి తక్కువైతే బిడ్డ లోతుగా ఊపిరి తీస్తుంది, దగ్గగలుగుతుంది, లేచి నడుస్తుంది. న్యుమోనియా, పేగులు కదలక ఉబ్బరం, గాయం చీము పట్టడం, తర్వాతి ఏళ్లలో కోత చోట హెర్నియా అన్నీ తగ్గుతాయి. వారం పట్టే ఆస్పత్రి బస చాలామందికి రెండు మూడు రోజులకు తగ్గింది. కూలి మానుకుని బిడ్డ పక్కన కూర్చునే తల్లిదండ్రులకు ఇది చిన్న లాభం కాదు. మరోవైపు ఆపరేషన్ సమయం సాధారణంగా ఎక్కువ పడుతుంది, ఒకసారి వాడి పారేసే స్టేప్లర్ల ఖర్చు ఎక్కువ, శస్త్రవైద్యుడి అనుభవం మీద ఫలితం ఎక్కువగా ఆధారపడుతుంది.

సికిల్ సెల్ రోగుల విషయంలో ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. చలి, నీటి కొరత, ఆక్సిజన్ తగ్గడం, రక్తంలో ఆమ్లం పెరగడం, వీటిలో ఏది జరిగినా కణాలు కొడవళ్లుగా మారతాయి. పొట్టలో నింపే కార్బన్ డయాక్సైడ్ కొంత రక్తంలో కలుస్తుంది, ఊపిరితిత్తుల కదలికను కూడా అణుస్తుంది. ఆపరేషన్ తర్వాత వచ్చే అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ అనే ఊపిరితిత్తుల సమస్యను కీహోల్ పద్ధతి తగ్గిస్తుందని నమ్మకంగా చెప్పగల ఆధారం లేదు. దాన్ని తగ్గించేవి ఇతర జాగ్రత్తలు: ముందుగా రక్తం ఎక్కించి హిమోగ్లోబిన్‌ను 10 దగ్గరికి తేవడం, సెలైన్, వెచ్చదనం, శ్వాస వ్యాయామాలు. ముందస్తు రక్త మార్పిడి విలువను 2013లో ప్రచురితమైన అంతర్జాతీయ ట్రయల్ నిరూపించింది.

ప్లీహం నుంచి వచ్చే సిర కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలో కలుస్తుంది. ప్లీహం తీశాక మిగిలిన మొండి భాగంలో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ పోర్టల్ సిర దాకా పాకవచ్చు. ప్లీహం ఎంత పెద్దదైతే ఈ ముప్పు అంత ఎక్కువ. ఇంటికి వెళ్లిన వారం పది రోజులకు కారణం తెలియని పొట్ట నొప్పి, జ్వరం వస్తే రక్తనాళాల్లో ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగ్ చేయించాలి. త్వరగా ఇంటికి పంపడం వల్ల వచ్చిన ఒక చిక్కు ఇది. ఒకప్పుడు వార్డులో కనిపించే లక్షణాలు ఇప్పుడు ఊళ్లో కనిపిస్తున్నాయి.

కొంత ఉంచి కొంత తీయడం, అసలు తీయకుండా నెట్టుకురావడం

గోళాకార కణ వ్యాధి ఉన్న చిన్న పిల్లల్లో ప్లీహంలో 80 నుంచి 90 శాతం తీసి, మిగిలిన చిన్న ముక్కను దాని రక్తనాళంతో సహా ఉంచే పద్ధతిని ముఖ్యంగా ఫ్రాన్స్ వైద్యులు అభివృద్ధి చేశారు. కణాల నాశనం తగ్గుతుంది, కాపలా కొంత మిగులుతుంది. ల్యాప్రోస్కోపీ ద్వారానూ ఇది సాధ్యమే కానీ నైపుణ్యం ఎక్కువ కావాలి. మిగిలిన ముక్క పెరిగి రెండో ఆపరేషన్ అవసరమయ్యేవారూ ఉంటారు. తలసేమియాలో పెరుగుదల ఒత్తిడి ఆగదు కాబట్టి ఈ పద్ధతికి అక్కడ పెద్ద పాత్ర లేదు.

మందుల వైపు కూడా మార్పు వచ్చింది. సికిల్ సెల్‌కు చౌకగా దొరికే హైడ్రాక్సీయూరియా ఉంది. బీటా తలసేమియాలో రక్తం అవసరాన్ని తగ్గించే లస్‌పాటర్‌సెప్ట్‌కు 2019లో, పైరువేట్ కైనేజ్ లోపానికి మిటాపివాట్‌కు 2022లో అమెరికా అనుమతి లభించింది. జన్యు సవరణ చికిత్స కాస్‌జెవీ 2023 చివర్లో సికిల్ సెల్‌కు, 2024 జనవరిలో తలసేమియాకు అక్కడ ఆమోదం పొందింది. దాని ధర 22 లక్షల డాలర్లు. మన కుటుంబాలకు అందుబాటులో ఉన్న శాశ్వత చికిత్స ఇప్పటికీ సరిపోలిన దాత నుంచి చేసే ఎముక మజ్జ మార్పిడే. తలసేమియా పిల్లలకు దాని కోసం 2017 నుంచి కోల్ ఇండియా నిధులతో తలసేమియా బాల సేవా యోజన కింద 10 లక్షల రూపాయల దాకా సాయం అందుతోంది. ఈ దారులన్నీ బలపడేకొద్దీ ప్లీహం తొలగింపుల సంఖ్య ఇంకా తగ్గుతుందని అనుకోవచ్చు.

ప్లీహం పోయాక

1952లో అమెరికాలో కింగ్, షూమేకర్ అనే ఇద్దరు శస్త్రవైద్యులు ఆందోళనకరమైన పరిశీలనను ప్రచురించారు. గోళాకార కణ వ్యాధి కోసం 6 నెలల లోపే ప్లీహం తీసిన 5 మంది శిశువులకు తర్వాత తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వచ్చాయి. ప్లీహం లేకున్నా ఫరవాలేదన్న నమ్మకం అక్కడితో సడలింది. ఉదయం మామూలు జ్వరంలా మొదలై సాయంత్రానికి రక్తపోటు పడిపోయే ఈ సెప్సిస్ (ఒళ్లంతా పాకే తీవ్ర ఇన్ఫెక్షన్) అరుదైనదే. కానీ వచ్చినవారిలో దాదాపు సగం మంది మరణించిన సందర్భాలు నమోదయ్యాయి. ముప్పు చిన్న పిల్లల్లో, మొదటి రెండు మూడేళ్లలో ఎక్కువ. పూర్తిగా మాత్రం ఎప్పటికీ పోదు.

టీకాలు ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే పూర్తి కావాలి. హిబ్ (హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి) టీకా సార్వత్రిక టీకా కార్యక్రమంలోని పెంటావాలెంట్‌లో ఉంది. న్యూమోకాకల్ కాంజుగేట్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించింది. కాబట్టి అంతకుముందు పుట్టిన పిల్లల్లో చాలామందికి అది పడి ఉండదు. 23 రకాల న్యూమోకాకస్‌లను కవర్ చేసే టీకా, మెనింగోకాకల్ టీకా ప్రభుత్వ పట్టికలో లేవు. వాటిని విడిగా వేయించాలి. ఏటా ఫ్లూ టీకా కూడా అవసరం. వీటితో పాటు రోజుకు రెండుసార్లు పెన్సిలిన్. 1986లో అమెరికాలో సికిల్ సెల్ పసిపిల్లలపై జరిగిన అధ్యయనంలో ఈ చవకైన మాత్ర న్యూమోకాకస్ ఇన్ఫెక్షన్లను 84 శాతం తగ్గించింది. ఎన్నేళ్లు వాడాలన్న దానిపై దేశానికో పద్ధతి ఉన్నా, బాల్యమంతా వాడటంపై పెద్దగా అభిప్రాయభేదం లేదు.

మలేరియా పరాన్నజీవులున్న కణాలను ఏరివేసేది కూడా ప్లీహమే. అల్లూరి సీతారామరాజు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ జన్యువూ మలేరియా దోమలూ ఒకే చోట ఉండటం యాదృచ్ఛికం కాదు. మలేరియా నుంచి వాహకులకు దొరికే రక్షణ వల్లే ఆ జన్యువు అక్కడ తరతరాలుగా నిలిచింది. ప్లీహం తీసిన మనిషి ఆ ఊళ్లకే తిరిగి వెళ్తాడు కాబట్టి దోమతెర, ప్రతి జ్వరానికీ మలేరియా పరీక్ష తప్పనిసరి. కుక్క కరిచినా, గీరినా రేబిస్ టీకాతో సరిపెట్టకూడదు. కుక్క లాలాజలంలోని కాప్నోసైటోఫాగా అనే బ్యాక్టీరియా ప్లీహం లేనివారి రక్తంలో విజృంభించగలదు. అందువల్ల యాంటీబయోటిక్ కూడా వెంటనే మొదలుపెట్టాలి.

38 డిగ్రీల సెల్సియస్ దాటిన ఏ జ్వరమైనా ఈ రోగుల్లో అత్యవసర స్థితే. మొదటి మోతాదు యాంటీబయోటిక్ ఇంట్లోనే ఉండాలి. ప్లీహం లేదన్న సంగతి, వేసిన టీకాల తేదీలు తెలుగులో రాసిన కార్డు రోగి దగ్గర ఎప్పుడూ ఉండాలి. ఆ ఇంటికి దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ నిల్వ ఉందా, వానాకాలంలో వాగు పొంగితే అక్కడికి చేరే దారి ఉందా అన్నది ఆపరేషన్ తేదీ రాసుకునే ముందే కుటుంబమూ వైద్యుడూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.